ఆ ఏడు పచ్చడిలో పడ్డ పువ్వు

నేను టెక్సాస్‌లో ఈ ఫ్రిస్కో ఊరికి వచ్చిన మొదటి వారంలోనే నాకు ఆ కథ చెప్పేశారు. అపార్ట్‌మెంట్ తాళాలు చేతికి రాకముందే చెప్పారు. ఏడెనిమిదేళ్ల కిందట, మా తెలుగు సంఘం ఉగాదికి, ఒక ఆంటీ వేపపువ్వు అనుకుని ఏదో పిచ్చిచెట్టు పువ్వు తెచ్చి పచ్చడిలో కలిపిందట. నలభై మంది స్కూల్ కెఫెటీరియాలోనే వాంతులు చేసుకున్నారట. ఆ ఆంటీ ఎవరో పేరు చెప్పరు. కళ్లతో చూపిస్తారు. ఆవిడ అటు తిరగ్గానే కనుబొమలు ఎగరేస్తారు.

నేనూ నవ్వాను. ఇంకో ఇద్దరికి నేనే చెప్పాను కూడా. ఈ ముక్క నేనే ముందు చెప్పుకుంటున్నా, వేరేవాళ్లు బయటపెట్టే అవకాశం ఇవ్వడం ఇష్టంలేక.

మా కంపెనీ ఏడాదికి ఒక కోర్సుకి ఫీజు కడుతుంది. నా టీమ్‌లో అందరూ క్లౌడ్ సర్టిఫికేషన్లు చేశారు. చేసి, దాని బొమ్మని ప్రొఫైల్‌లో తగిలించుకుని, ఒకరికొకరు కంగ్రాట్స్ చెప్పుకున్నారు. నేను టెస్టర్‌ని. రోజంతా ఇంకొకళ్ల కోడ్‌లో తప్పులు వెతకడమే నా పని. సాయంత్రం కూడా అదే చదవాలంటే ఒళ్లు మండింది. కమ్యూనిటీ కాలేజ్ లిస్టులో మంగళవారం సాయంత్రం ఖాళీగా ఉన్న క్లాస్ ఒకటి కనిపిస్తే నొక్కేశాను. పాతకాలం చైనాలో చరిత్ర ఎలా రాశారు అన్నది సబ్జెక్ట్. నా మేనేజర్ ఏదీ చదవకుండా అప్రూవ్ నొక్కే జాతి. నొక్కేశాడు.

పాఠం చెప్పే ఆవిడ డెబ్బై దాటిన చైనీస్ మనిషి. నా భుజం దాకా వస్తుంది. క్లాస్‌లో ఫోన్ చూస్తే తిట్టదు. మనం ఏం చూస్తున్నామో అడిగి, దాని మీదే ప్రశ్న వేస్తుంది. తిట్టడమే నయం.

మొదట్లో చెప్పినవి నచ్చాయి. రాజు పక్కన ఒక రాతగాడు ఉండేవాడట. రాజు ఏమన్నాడో, ఏం చేశాడో రోజూ రాసేవాడు. ఆ రాత రాజు చదవకూడదు. అది పద్ధతి. మా సంఘం ప్రెసిడెంట్ అంకుల్ గుర్తొచ్చాడు. మీటింగ్ మినిట్స్ పంపితే, ఆయన మీటింగ్‌లో వేయని జోకులు కూడా వేసినట్టు చేర్చి తిరిగి పంపిస్తాడు.

తర్వాత ఒకరోజు ఒక కథ చెప్పింది. ఎవరో రాజుకి మంత్రి మీద కోపం వచ్చి చంపించడానికి ఒకణ్ని పంపాడు. వాడు తెల్లారకముందే వెళ్లాడు. మంత్రి అప్పటికే కొలువుకి బట్టలు వేసుకుని, ఇంకా టైముందని కూర్చునే కునుకు తీస్తున్నాడు. వాడికి మనసొప్పలేదు. ఇంత మంచివాణ్ని చంపడం పాపం, రాజు మాట జవదాటడమూ పాపం, చావడమే మేలు అని తనలో తను అనుకుని, చెట్టుకి తల బాదుకుని చచ్చిపోయాడు. క్లాస్‌లో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది.

నాకు మండింది. చెయ్యెత్తకుండానే అడిగేశాను.

"ఒక్క నిమిషం. అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

"వాడు చచ్చాడు. మంత్రి నిద్రపోతున్నాడు. మరి వాడు ఏమనుకున్నాడో ఎవరు విన్నారు? చెట్టు విందా?"

ఆవిడ ఎంత సంతోషపడిందో చెప్పలేను. తర్వాతి కాలం పండితులు కూడా సరిగ్గా ఇదే అడిగారట. "నువ్వు కొంచెం లేటుగా వచ్చావు, అంతే" అంది.

అక్కణ్నుంచి నాకు పిచ్చి పట్టింది. వెయ్యేళ్ల కిందట ఒకాయన తన దేశం చరిత్రంతా రాసి, దానికి తోడు వేరే సంపుటాలు కూడా రాశాడని చెప్పింది. ఒకే సంగతికి తనకి ఎన్ని కథనాలు దొరికాయి, ఏది తీసుకున్నాడు, మిగతావి ఎందుకు వదిలేశాడు అని వాటినిండా ఉంటుందట. తను పారేసిన చెత్తని కూడా అందరికీ చూపించిన మనిషన్నమాట. అలాంటివాడు మా ఫ్రిస్కోలో ఒక్కడుంటే చాలు. ఇంకో మాట కూడా చెప్పింది. వీధుల్లో జనం మాట్లాడుకునేది పోగుచేయడానికి చిన్న గుమస్తాలు ఉండేవారని పాతకాలంలో అనుకునేవారట. "వీధి మాటని అబద్ధమని పారేయకు. అది దేనికి సాక్ష్యమో చూసుకో" అంది. ఆ మాట నేను పట్టించుకోలేదు. ఫోన్‌లో ఏదో వచ్చింది.

హోంవర్క్ ఏంటంటే, మీ మనుషుల్లో ఒకరి గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటి తీసుకోండి, ఆ పద్ధతిలో దాన్ని విప్పండి అని.

సరిగ్గా ఆ వారమే మా సంఘం ఉగాదికి వేసే సావనీర్ పుస్తకం పని నా నెత్తిన పడింది. వయసులో చిన్నదాన్ని, లాప్‌టాప్ ఉంది, పెళ్లి కాలేదు. మా కమిటీ లెక్కలో ఈ మూడూ కలిస్తే ఖాళీగా ఉన్నట్టే. మీటింగ్ ప్రెసిడెంట్ అంకుల్ ఇంట్లో, థియేటర్ రూమ్‌లో. అందరూ రిక్లైనర్లలో వెనక్కి వాలి, కాళ్లు పైకి పెట్టుకుని సంఘం చరిత్ర గురించి చర్చించారు.

"రాస్కో బిడ్డా" అన్నాడు అంకుల్. "నవ్వుల పేజీ ఒకటి ఉండాలె. పచ్చడి ముచ్చట అండ్ల పడాలె. పేరొద్దు. ఒక ఆంటీ అని పెట్టు. అందరికీ తెలుసు ఎట్లైనా."

ఆయనది వరంగల్. ఆంటీది తెనాలి. ఆయన గొంతు సన్నం చేసి, ఆవిడ యాస పట్టుకుని మొదలుపెట్టాడు.

"కిచెన్‌ల ఒక్కతే ఉన్నదన్నట్టు. గిన్నెలకెళ్లి చూస్కుంట ఏమన్నదో తెలుసునా? 'వేపచెట్టు కింద పుట్టినదాన్నండీ, నాకా చెప్తారు వేపపువ్వు సంగతీ' అని, గుప్పెడు తీసి ధన్‌మని ఏసింది!"

అందరూ పడిపడి నవ్వారు. ట్రెజరర్ అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేను కళ్లారా చూశానండీ" అన్నాడాయన. "నలభై మంది. ఒకడు నా షూస్ మీదే కానిచ్చాడు."

"ఒక్కతే ఉందన్నారు కదంకుల్" అన్నాను ప్రెసిడెంట్ అంకుల్‌తో. "మరి ఆమె ఏమందో ఎవరు విన్నారు?"

"అరే, అందరికీ తెలిసిందే కదా బిడ్డా."

"అందరూ కిచెన్‌లో ఉన్నారా?"

"ఏందమ్మా, నువ్వు టెస్టర్‌వా, లాయర్‌వా?"

"టెస్టర్‌నే అంకుల్. బగ్ ఎక్కడుందో అడుగుతున్నా."

ఆయన రిక్లైనర్ బటన్ నొక్కి కాళ్లు కిందికి దించాడు. మీటింగ్ అయిపోయిందని దాని అర్థం.

ఆ ఆంటీ మా కాంప్లెక్స్‌లోనే పక్క బిల్డింగ్‌లో ఉంటుంది. ఆఫీసులకి వెళ్లేవాళ్లకి లంచ్ డబ్బాలు కట్టిస్తుంది. నేనూ తీసుకుంటాను. పొద్దున ఎనిమిదింటికి తలుపు కొట్టి స్టీలు డబ్బా చేతిలో పెడుతుంది. మీటింగ్ మర్నాడు డబ్బా ఇచ్చి వెళ్లకుండా నిలబడింది.

"ఏమ్మా, ఆ పచ్చడి సంగతి పుస్తకంలో ఎక్కిస్తున్నారంటగా?"

"ఎవరు చెప్పారాంటీ?"

"ఎవరో ఒకరు చెప్తార్లే. నా సంగతులు నాకే ఆఖర్న తెలుస్తాయి." కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఇప్పుడిప్పుడే పద్దెనిమిది డబ్బాలయ్యాయి. ఈ ఉగాదికి భోజనాల సంగతి నన్నూ అడుగుతామన్నారు. అది అచ్చులో పడిందంటే ఇంకెవరడుగుతారు? నువ్వేగా అది చూసేది. తీయించెయ్ నాన్నా."

"తీయించడం ఏంటాంటీ? నిజం ఏంటో తేలుస్తా. ఒక్కొక్కళ్ల సంగతి చూస్తా."

"అది కాదమ్మా, అసలు ఆ రోజు..."

ఫోన్ మోగింది. ఆఫీస్ కాల్. వేలెత్తి ఒక్క నిమిషం అన్నట్టు చూపించి లోపలికి వెళ్లిపోయాను. బయటికి వచ్చేసరికి ఆవిడ లేదు.

పది రోజులు తిరిగాను. ఫోన్ నోట్స్‌లో పేర్లు రాసుకుని ఒక్కొక్కళ్లనీ పట్టుకున్నాను. గుడి పార్కింగ్‌లో ఒకళ్లని, ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర ఒకళ్లని. ఒకరు పన్నెండు మంది అన్నారు, ఒకరు పాతిక, ఒకరు అంబులెన్స్ వచ్చింది అన్నారు. వాంతి చేసుకున్న మనిషి మాత్రం ఒక్కడూ దొరకలేదు. అందరూ పక్కవాడి వాంతి చూసినవాళ్లే. "మీరు చూశారా?" అని గట్టిగా అడిగితే "మా ఆయన చూశాడు" అంటారు. ఆయన్ని అడిగితే "మా ఆవిడే కదా చెప్పింది" అంటాడు. పెద్ద పెద్ద జీతాలు తీసుకునే మనుషులు. ఆఫీస్‌లో ఒక్క అంకె తప్పుంటే మూడు మీటింగులు పెడతారు.

ఇంకో సంగతి తెలిసింది. సంఘం వాట్సాప్ గ్రూప్‌లో కొత్తగా చేరినవాళ్లకి పాత మెసేజ్‌లు కనపడవు. అందుకని మాకు కథ మాత్రమే అందింది, రికార్డు అందలేదు. ఆ రికార్డు ఉన్నవాళ్లేమో ఎప్పుడూ పైకి జరిపి చూసిన పాపాన పోలేదు.

ట్రెజరర్ అంకుల్ భార్య ఫోన్‌లో ఏదీ డిలీట్ చేయదు. గుడ్ మార్నింగ్ గులాబీలు కూడా ఉంచుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి, ఆవిడ టీ పెడుతుంటే పక్కన నిలబడి పాత మెసేజ్‌లు పైకి జరుపుతూ పోయాను. ఆ ఏటి ఉగాది వచ్చింది. ఆ రోజు పొద్దున వచ్చిన ఫొటోలో ట్రెజరర్ అంకుల్ గుండుతో ఉన్నాడు. నుదుట నామం. వెనక తిరుమల మాడవీధి.

"ఆంటీ, ఇది ఆ ఉగాది రోజే కదా?"

"అవునే! ఆ ఏడు ఈయన ఇండియాలో ఉన్నాడు. మొక్కు తీర్చుకోడానికి వెళ్లాడు."

"మరి షూస్ మీద పడిందన్నారు?"

"ఎవరి షూసో మరి" అంది ఆవిడ, టీ వడకడుతూ. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

ఇంకొంచెం పైకి జరిపాను. పండక్కి రెండు రోజుల ముందు ఒక ఫొటో. ప్రెసిడెంట్ అంకుల్ వాగు పక్కన ఒక చెట్టుకి ఆనుకుని, బొటనవేలు పైకెత్తి నిలబడ్డాడు. కింద రాసిన మాట: 'ఫ్రెండ్స్, టెక్సాస్‌ల వేపచెట్టు దొరికింది. ఈసారి ఎండుపువ్వు లేదు, ఫ్రెష్ పువ్వే. కిచెన్‌కు నేనే తెస్త.' దాని కింద అరవై దండం బొమ్మలు.

చెట్టు నిండా పువ్వు ఊదారంగులో ఉంది. నేను హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగాను. చెట్లు నాకు కిటికీలోంచి తెలుసు. అయినా వేపపువ్వు తెల్లగా ఉంటుందని తెలుసు. ఫోన్‌తో ఆ ఫొటోని వెతికితే చైనాబెర్రీ అని చెప్పింది. ఆకు చూస్తే వేపలాగే ఉంటుంది. ఇక్కడ వాగుల వెంట ఎక్కడపడితే అక్కడ పెరుగుతుంది. కాయలు విషం. పువ్వు సంగతి గట్టిగా ఎక్కడా లేదు. అది చదివే ఓపిక అప్పుడు నాకు లేదు.

ఈయనా ఇన్నేళ్లూ ఆంటీ గొంతు అనుకరించి నవ్వించింది? బయటికొచ్చి కారెక్కి, సీట్ బెల్ట్ కూడా పెట్టుకోకుండా, ఆ ఫొటోని మూడొందల మంది ఉన్న గ్రూప్‌లో పెట్టేశాను. కింద 'వాంతుల కథకి అసలు హీరో ఈయన. పువ్వు తెచ్చింది ఎవరో చూసుకోండి' అని రాశాను. పంపాక హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. చరిత్రకి న్యాయం చేశాననుకున్నాను. నా మొహం.

సాయంత్రానికి మీమ్స్ వచ్చాయి. అంకుల్ తలకి చెట్టు మొలిచిన బొమ్మ ఒకటి. చైనాబెర్రీ అంకుల్ అని పేరు పెట్టేశారు. నలభై కాస్తా అరవై అయింది. అంబులెన్సులు రెండయ్యాయి. గుండు అంకుల్ కూడా 'ఆ రోజే నాకు డౌట్ వచ్చింది' అని రాశాడు.

మర్నాడు ఆంటీ డబ్బా నా చేతికివ్వలేదు. తలుపు ముందు నేల మీద పెట్టింది.

"నిన్నెవరు పెట్టమన్నారమ్మా ఆ ఫొటో?"

"మీకోసమే కదాంటీ! తప్పు ఆయనదని అందరికీ తెలిసింది."

"ఏం తెలిసింది? శుక్రవారం పద్దెనిమిది డబ్బాలు. ఇవాళ పదకొండు. పొద్దున్నే వరసపెట్టి మెసేజ్‌లు. డైటింగ్ అని ఒకళ్లు, ఆఫీస్‌లో పెడుతున్నారని ఒకళ్లు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఇన్నాళ్లూ అది నవ్వులాట. నవ్వుకుంటూనే నా సాంబారు తినేవాళ్లు. ఇప్పుడు నువ్వు ఫొటో పెట్టావు. ఇంకేముంది, రుజువైపోయింది. విషపు పువ్వు నా కిచెన్‌కి వచ్చింది. తెచ్చింది ఆయనైతే వేసింది నేనేగా?"

"అంటే... ఆ పువ్వు మీరు వేయలేదా?"

"ఊదారంగు పువ్వు చూపించి వేపపువ్వంటే నమ్మడానికి నేనేమన్నా ఆయన లాంటిదాన్నా? కవర్‌తో సహా తీసుకెళ్లి చెత్తలో పడేశా. మా ఆడపడుచు పంపిన ఎండుపువ్వు వేశా. ఆ రోజు ముగ్గురు పిల్లలు కక్కుకున్నారు, అంతే. మామిడి లస్సీ తాగి, పిల్లలు గెంతడానికి పెట్టిన ఆ గాలి కోటలో గంటసేపు ఎగిరారు. దేనివల్లో నాకేం తెలుసు?"

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదాంటీ?"

"ఎవరన్నా అడిగితే కదా చెప్పేది. నువ్వు అడిగావా?"

ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. నేను ఫోన్ తీసి నోట్స్ చూసుకున్నాను. పదకొండు పేర్లు. గుడి పార్కింగ్‌లో దొరికినావిడ ఉంది. ఆ ఏడు అసలు ఫ్రిస్కోలోనే లేని ఒకాయన ఉన్నాడు. పచ్చడి కలిపిన మనిషి పేరు మాత్రం లేదు. ఆవిడ రోజూ నా తలుపు కొడుతుంది. చెప్పబోయింది కూడా. నేను వేలెత్తి చూపించి ఆపేశాను. ఎవరైనా జూనియర్ టెస్టర్ ఇలాంటి పని చేస్తే నేను వాణ్ని నలుగురిలో కడిగేసేదాన్ని.

మంగళవారం క్లాస్ అయ్యాక టీచర్ ముందు అన్నీ పెట్టాను. ఫొటో చాలాసేపు చూసింది.

"ఈ ఫొటో ఏం చెబుతోంది?"

"ఈయన ఆ పువ్వు కిచెన్‌కి..."

"నువ్వు చెబుతున్నది కాదు. ఫొటో చెప్పేది."

"ఒక మనిషి ఒక చెట్టు పక్కన నిలబడ్డాడు."

"అంతే కదా. మరి మీ ఆంటీ చెప్పింది ఎందుకు నమ్ముతున్నావు? ఆ మాట వల్ల ఆవిడకి లాభం ఉంది."

"ఆవిడ అబద్ధం చెప్పదు" అన్నాను. గొంతు లేచింది.

"అది సాక్ష్యం కాదు, నీ అభిమానం. ఆ మాట చెప్పడం వల్ల నష్టపోయేవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లు చెబితే తీసుకో."

బ్యాగ్ విసురుగా భుజానికేసుకుని బయటికొచ్చేశాను. ముసలావిడకి నా ఆంటీ డబ్బాల గురించి ఏం తెలుసు అనుకున్నాను. కార్ స్టార్ట్ చేశాక అర్థమైంది. అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఈలోపు కమిటీ నిర్ణయం వచ్చింది. పచ్చడి ముచ్చట మొత్తం తీసేయాలి, ఆ టాపిక్ ఎవరూ ఎత్తకూడదు అని. రెండు వారాల ముందు ఆంటీ అడిగింది ఇదే. ఇప్పుడిది జరిగితే ఆవిడ మీద పడ్డ మరక అలాగే ఎండిపోతుంది. ఉగాదికి ఇంకా మూడు వారాలుంది. పదకొండు డబ్బాలు అప్పటికి తొమ్మిదయ్యాయి.

శనివారం పొద్దున ప్రెసిడెంట్ అంకుల్ ఇంటికి వెళ్లాను. గ్యారేజ్ తలుపు ఎత్తి ఉంది. సంఘం మడత టేబుళ్లు వరసపెడుతున్నాడు. నన్ను చూసి కూడా చూడనట్టు ఉన్నాడు.

"నా సొంత బిడ్డనే చైనాబెర్రీ డాడీ అంటున్నది" అన్నాడు చివరికి. "సంతోషమేనా?"

"ఫొటో పెట్టడం నాదే తప్పంకుల్. అందులో మీరు చెట్టు పక్కన నిలబడటం తప్ప ఏమీ లేదు. ఆ మాట గ్రూప్‌లో రాస్తా. మీరు ఒక్కటి చెప్పండి. మీరు తెచ్చిన పువ్వు ఏమైంది?"

టేబుల్ కాలు ఒకటి మడవబోయాడు. అది ఇరుక్కుంది. రెండుసార్లు తన్నాడు.

"పారేసింది."

"మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?"

"చూసిన. కిచెన్ ఎనక చెత్తడబ్బల. కవర్‌కు కవరే పడున్నది. ముడి కూడ ఇప్పలే." ఆయన నా వైపు తిరిగాడు. మొహం ఎర్రగా ఉంది. "రెండు గంటలు తెంపిన బిడ్డా. వాగు పొంట ముండ్లపొదలల్ల పడి, చేతులు గీస్కపోయినై. గ్రూప్‌ల అందరికీ చెప్పుకున్న. ఒక్క మాట అనకుంట పారేసింది. ఇది గాదు అన్నయ్యా అని ఒక్క మాట అంటె ఏం పోతుండె?"

"అందుకని కథ కట్టారా?"

"కట్టలే! ముగ్గురు పిల్లలకు కక్కులైనై. ఆమె ఏమేసిందో ఏమో అన్న, నవ్వులాటకు. గంతే. మిగిలింది దానంతట అదే పెరిగింది."

పెరగలేదు. ఈయన ప్రతి గెట్-టుగెదర్‌లోనూ గొంతు సన్నం చేసి, నీళ్లు పోసి పెంచాడు. నాకు అప్పుడు తెలిసింది, ఆ కథ దేనికి సాక్ష్యమో. మూడొందల మంది ఇన్నేళ్లు నవ్వుకున్నది పచ్చడి గురించి అనుకున్నారు. అది మొత్తం, చెత్తడబ్బాలో తన కవర్ చూసుకున్న ఒక మగాడి ఉక్రోషం. దాన్ని చరిత్ర అని పుస్తకంలో అచ్చేయమన్నాడు.

"ఈ మాటే గ్రూప్‌లో చెప్పండంకుల్."

"పోయింది చాలదా ఇజ్జత్?"

"ఆవిడ డబ్బాలు సగానికి సగం పోయాయి. మీకు పోయింది ఒక నిక్‌నేమ్. నవ్వుల పేజీలో వేయమన్నప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదు. తెలుసు. ఆయన టేబుల్ వదిలేసి లోపలికి వెళ్లిపోయాడు. నేను గ్యారేజ్‌లో అరగంట నిలబడ్డాను. ఫోన్‌లో అన్నీ రాశాను. నేను పెట్టిన ఫొటో పువ్వు పచ్చడిలో పడిందని చెప్పదు, అలా అర్థం వచ్చేలా రాసింది నేను, తప్పు నాది అని. పంపాను. పంపేటప్పుడు హాయిగా ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం గ్రూప్‌లో ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. నాలుగు నిమిషాలు. మిత్రులారా అని మొదలైంది. సంఘం కోసం తను పడ్డ కష్టాలు, టెక్సాస్ ఎండలు, తెలుగు జాతి సంప్రదాయాలు అన్నీ అయ్యాక మూడో నిమిషంలో ఒక్క వాక్యం ఉంది. నేను తెచ్చిన పువ్వును మా చెల్లె గుర్తుపట్టి పారేసింది, నేను కళ్లతోని చూసిన, అని. ఆ తర్వాత మళ్లీ తన గొప్పే. కవర్ ముడి గట్టిగా వేసి తేవడం వల్లే ప్రమాదం తప్పింది అని కూడా అన్నాడు. నాకు ఆ ఒక్క వాక్యం చాలు. మిగతా మూడున్నర నిమిషాలు ఎవరి గురించి సాక్ష్యమో విన్నవాళ్లకి తెలుస్తుంది.

సావనీర్‌లో ఒక పేజీ రాశాను. ఎవరెవరు ఏమన్నారు, వాళ్లు ఆ రోజు ఎక్కడున్నారు, ఏది తీసుకున్నాను, ఏది ఎందుకు వదిలేశాను. నేను పెట్టిన ఫొటో, దాని కింద నేను రాసిన మాట కూడా వదిలేసినవాటిలో చేర్చాను. పిల్లలకి వాంతులు ఎందుకయ్యాయి అన్నచోట, తెలియదు అని రాశాను.

"తెలియదు అంటే ఎట్లమ్మా? బాగుండదు. ఏదో ఒకటి రాయి" అన్నాడు ట్రెజరర్ అంకుల్.

"తెలియదంకుల్. మీరు చూశారా?"

ఆయన గుండు తడుముకున్నాడు. జుట్టు ఎప్పుడో పెరిగింది, అయినా తడుముకున్నాడు. పేజీ అలాగే వెళ్లింది. ఎవరూ చదవలేదు. సావనీర్ చేతికి రాగానే అందరూ తమ ఫ్యామిలీ ఫొటో ఏ పేజీలో ఉందో చూసుకుని, దాన్ని కారు వెనక సీట్లో పడేశారు.

ఉగాది భోజనాలు కమిటీ ఒక రెస్టారెంట్‌కి ఇచ్చింది. పచ్చడి మాత్రం ఆంటీ చేతికి ఇచ్చారు. ధైర్యం చేసి ఇచ్చారనుకోకండి. రెస్టారెంట్ వాడు పచ్చడి చేయనన్నాడు. ఆంటీ సరే అంది. సహాయానికి నన్ను పిలిచింది. మామిడికాయ కోరడం నాకు రాదు. వేలు కోసుకున్నాను. ఆవిడ చూసి నవ్వింది, ఫొటో పెట్టిన రోజు తర్వాత మొదటిసారి.

కెఫెటీరియాలో చిన్న పేపర్ కప్పుల్లో పోసి వరసగా పెట్టాం. జనం వచ్చారు, చూశారు, ముందున్నవాళ్లు తాగుతారేమో అని ఆగారు. మామూలుగా పార్కింగ్ కోసం కొట్టుకునే మనుషులు, ఆ రోజు మీరు మీరు అని ఒకరికొకరు దారిచ్చుకున్నారు. అప్పుడు ప్రెసిడెంట్ అంకుల్ వచ్చాడు. పట్టు పంచె, కండువా. కెమెరా పట్టుకున్న కుర్రాడి వైపు చూసి, వాడు సరిగ్గా పెట్టుకునేదాకా ఆగి, కప్పు ఎత్తి తాగాడు. ఆ తర్వాత అందరూ తాగారు. వాయిస్ మెసేజ్, సాక్ష్యాలు, నా పేజీ, ఏవీ చేయని పని ఆ పోజు చేసింది. సాయంత్రానికి గ్రూప్‌లో కొత్త కథ తయారైంది. అన్నయ్య ముందు తాగి చెల్లెలి మానం కాపాడాడట. దాన్ని సరిదిద్దుదామని ఫోన్ తీశాను. ఆంటీ చూసింది.

"వద్దులేమ్మా" అంది.

అంతకుముందు, గిన్నెలు కడుగుతుండగా ఒకావిడ కిచెన్‌లోకి వచ్చింది. ఫొటో పెట్టిన మర్నాడు డైటింగ్ అని మెసేజ్ పెట్టింది ఈవిడే.

"పచ్చడి ఎంత బాగుందోనండీ. సోమవారం నుంచి మళ్లీ డబ్బా పంపుతారా మాకు?"

ఆంటీ చేతులు కొంగుకి తుడుచుకుంది. ఆలోచిస్తున్నట్టు పైకి చూసింది.

"ఖాళీ లేదమ్మా. చాలామంది అడుగుతున్నారు. పేరు రాసుకుంటా. ఎవరన్నా మానేస్తే చెప్తా."

ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. అప్పటికి మళ్లీ అడిగినవాళ్లు నలుగురే, పద్దెనిమిదికి ఇంకా అయిదు డబ్బాల ఖాళీ ఉందని నాకు తెలుసు. నేను గరిటెలు కడుగుతూ ఉండిపోయాను.